లింగయ్య చెల్కకు నేను చేసిన పని

వ్యవసాయ శాఖలో నేను చేసిన మంచి పనుల గురించి రాయమని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అడుగుతున్నారు. మంచి పనులు కొన్ని చేసే ఉంటాను. వాటివల్ల ఎవరూ ఊరు విడిచిపోలేదు కాబట్టి అవి నాకు అంతగా గుర్తులేవు. గుర్తున్నది ఒక చేను. సూర్యాపేటకు రెండు గంటల నడక దూరంలో, రోడ్డు పక్క ఊళ్లో ఉండేది. ఊరి పేరు రాయను. ఆ చేను లింగయ్య అనే రైతుది. దాన్ని నేను పాడుచేశాను. ఒక్కణ్ణే చేయలేదు. అయినా సంతకం మాత్రం నాది.

మీరు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నారు. భూమి గురించి, తెగుళ్ల గురించి నాకంటే బాగా చదువుకుని వస్తున్నారు. నేను చెప్పబోయేది మీ పుస్తకాల్లో దొరకదు.

తెల్ల గూళ్లు

మాది హాలియా. మా నాయన బడిపంతులు. నిజాం సర్కారు ఆఖరి రోజుల్లో నాకు సూర్యాపేటలో కామ్దారు ఉద్యోగం వచ్చింది. కామ్దారంటే ఊళ్లు తిరిగి, శాఖవాళ్లు చెప్పమన్నది రైతులకు చెప్పే చిన్న ఉద్యోగి. నాకు ఇరవై రెండేళ్లు. ఒక సైకిలు, ఒక ఖాకీ టోపీ ఇచ్చారు. టోపీ పెట్టుకున్న రోజు నుంచే నాకు అన్నీ తెలుసనుకున్నాను.

ఆ ఏడు వానాకాలం ఆముదం చేలకు దాసరి పురుగు పట్టింది. నడుము పైకి వంచి, కొలత తీసినట్టు నడిచే పురుగు అది. మంద ఎక్కువైతే ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగలదు. పురుగులన్నిటినీ ఏరించి, గంపలకెత్తి, తగలబెట్టించమని మా కచేరి నుంచి హుకుం వచ్చింది. ఏ ఊళ్లో ఎన్ని గంపలు కాల్చారో రాసి పంపాలి.

లింగయ్య చేనుకు అలా వెళ్లాను. ఎర్ర చెల్క నేల, తూర్పుకు వాలు. వాలుకు అడ్డంగా మోకాలెత్తున నాలుగు రాళ్ల వరుసలున్నాయి. వాటి వెంట వావిలి పొదలు. ఆముదం సాళ్ల మధ్య కంది. లింగయ్యకు నలభై ఏళ్లుంటాయి. మాటలు తక్కువ. ఆయన భార్య సాయమ్మకు మాత్రం దేనికైనా మాట ఉండేది.

పురుగులు ఏరేటప్పుడు సాయమ్మ కొన్నిటిని ఆకుమీదే వదిలేస్తోంది. వాటి వెనక కాళ్ల దగ్గర జొన్నగింజంత తెల్లటి గూడు అంటుకుని ఉంది.

"అవెందుకు వదిలేస్తున్నవమ్మా? గుడ్లు పెట్టినయి కదా, ముందు అవే తియ్యాలె" అన్నాను.

"గుడ్లు గావు సారూ. గా తెల్ల మూట వడ్డదంటే దాని పని ఖతం. ఆకు గూడ తినదు. ఉండనియ్యి, అవి ఉంటేనే మంచిది."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవలు చెప్పాలె? ఏటేట సూస్తలేనా?"

నేను నవ్వాను. నా వెంట వచ్చిన ఊరి పెత్తందారు పటేలు మనుషులు కూడా నవ్వారు. గూడున్నవీ లేనివీ అన్నీ గంపలకెత్తించి కాల్చించాను. ఆ ఊరి లెక్క అందరికంటే పెద్దదని మా అధికారి మెచ్చుకున్నాడు.

మూడు నాలుగు వారాలకు పురుగు మళ్లీ వచ్చింది. మొదటిసారి వచ్చిన మంద దాని ముందు ఎందుకూ చాలదు. మళ్లీ ఆ చేనుకు వెళ్లేసరికి ఆముదం మొక్కలు కాడలతో నిలబడి ఉన్నాయి. సాయమ్మ తిట్టలేదు. ఇంట్లోకి తీసుకెళ్లి, గుడ్డ కట్టిన చిన్న ముంత ఒకటి చూపించింది. తెల్ల గూడున్న పురుగులు నాలుగైదు దాచి పెట్టిందట. గుడ్డ విప్పితే లోపల పురుగులు ఎండిపోయి ఉన్నాయి. గూళ్లకు చిల్లులు పడ్డాయి. చీమకు రెక్కలు మొలిచినట్టున్న నల్లటి ఈగలు రెండు మూడు లేచి పోయాయి.

"ఇవి వోయి మల్ల పురుగుల మీద వాల్తయి సారూ. నువ్వు పురుగును కాలవెట్టలే, దీన్ని కాలవెట్టినవ్."

ఆ ఈగ వచ్చి పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుందని, దాని పిల్ల పురుగును లోపలినుంచి తిని బయటికొచ్చి గూడు కట్టుకుంటుందని చాలా ఏళ్ల తరువాత ఒక శిక్షణలో పాఠంగా చెప్పారు. నాకు ఆ పాఠం అప్పటికే ఒక ముంతలో కనబడింది.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు ఉర్దూలో రిపోర్టు రాసి మా మొహతమీం సాబుకు, అంటే మా పై అధికారికి ఇచ్చాను. ఆయన చదివి, కాగితం నా వైపు తోశాడు.

"నువ్వు రైతులకు నేర్పడానికి పోతున్నావా, వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి పోతున్నావా?"

"సాబ్, నేను కళ్లారా చూశాను."

"గంపల లెక్క పైకి పోయింది. ఆ లెక్క తప్పని ఇప్పుడు నేను రాయనా? వీటిని కొట్టేసి సంతకం పెట్టు."

తెల్ల గూళ్ల గురించి, ఈగల గురించి రాసిన నాలుగు వాక్యాలు కొట్టేశాను. అప్పుడు నాకు అది పెద్ద విషయమనిపించలేదు. దారి తప్పినవాడికి తప్పిన మొదటి అడుగు తెలియదు.

రోడ్డుమీదికి కనబడే కట్ట

ఆ తరువాత సర్కారు మారింది. దొరల మీద తిరగబడిన సంఘంవాళ్లను వెతుకుతూ ఊళ్లలో పోలీసు క్యాంపులు వెలిశాయి. సంఘం భయంతో ఊరు విడిచి సూర్యాపేటలో తలదాచుకున్న పటేలు తిరిగి తన గడీకి వచ్చాడు. మొహతమీం సాబు వెళ్లిపోయి, కోస్తా జిల్లా నుంచి కొత్త అధికారి వచ్చాడు. తెలుగు మాట్లాడే పైవాడు వచ్చాడని సంతోషించాను. మొహతమీం సాబు ఉర్దూలో చెప్పింది ఈయన తెలుగులో చెప్పాడు.

మట్టి కొట్టుకుపోకుండా చేలలో కట్టలు పోయించాలని కొత్త పథకం వచ్చింది. పథకం మంచిదే. మా చెల్క నేలల మీద జానెడు మట్టి, కింద ఏమీ పండని గట్టి మొరం. మట్టి పోతే మళ్లీ రాదు. సూర్యాపేట తాలూకాలో నమూనాగా ఒక చేను కావాలన్నారు. లింగయ్య చేను రోడ్డు పక్కనే ఉంది కాబట్టి దాన్నే ఎంచారు.

వాలు నేలలో కట్ట ఎక్కడైనా ఒకే మట్టంలో పోవాలి. నేల ఎటు వంగితే కట్ట అటు వంగాలి. అప్పుడే నీళ్లు కట్ట పొడవునా నిలిచి ఇంకుతాయి. నేను రెండు రోజులు మట్టం పట్టి, సున్నంతో గీత వేశాను. పైన పటేలు చేను, కింద లింగయ్య చేను. గీత పటేలు చేనులోంచి కొంత దూరం వచ్చి లింగయ్య చేనులోకి తిరిగింది.

పటేలు చూసి ఒక్కటే మాట అన్నాడు. "నా చేన్ల పార వెడితే ఊకోను. పోస్తే వాని చేన్ల పొయ్యుండ్రి."

అధికారి జీపులో వచ్చాడు. నా గీత చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటయ్యా, పాము పాకినట్టుంది! పెద్దవాళ్లు రోడ్డుమీద కారు ఆపి చూస్తారు. గీత గీసినట్టు తిన్నగా కనబడాలి. ఆ రైతు చేను కింది హద్దు వెంట పోయించేయ్."

"హద్దు వాలుకు ఏటవాలుగా ఉందండీ. అలా పోయిస్తే నీళ్లన్నీ కింది మూలకు చేరతాయి."

"చూడవయ్యా, పటేలుతో గొడవ పెట్టుకుంటే రేపు మనకు ఈ ఊళ్లో కూలివాడు కూడా దొరకడు. నువ్వు కట్ట పోయిస్తావా, ఇంకొకణ్ణి పెట్టమంటావా?"

పోయించాను. కట్టకు లోపలి వైపు రాళ్లు పరచాలి. బండి కట్టి తేవడం ఆలస్యమని, అధికారి లింగయ్య చేనులోని రాళ్ల వరుసలు ఎత్తించమన్నాడు. వావిలి పొదలు అడ్డమని వాటినీ కొట్టించాం.

రాళ్లు తీస్తుంటే లింగయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సారూ, గవి మా తాత వేర్చినయి. నీళ్లు గీడ జర ఆగి, గాడ జర ఆగి, మెల్లగ దిగుతయి. ఇప్పుడన్ని ఒక్కకాడికే పోతయి గదా?"

ఆయన చెప్పింది నేను అధికారితో చెప్పిందే. ఆ సంగతి ఒప్పుకుంటే నా పరువు పోతుందనుకున్నాను.

"సర్కారు కట్ట, లింగయ్యా. దాని లెక్కలు దానికుంటయి" అన్నాను.

మట్టం చూసి కట్ట పోయించానని సంతకం పెట్టాను. చూసిన మాట నిజమే. చూసిన మట్టం ప్రకారం పోయించలేదు.

వాన

ఆముదం, కంది మొలిచి నాలుగు ఆకులు వేశాక పెద్ద వాన పడింది. తెల్లవారిన దగ్గర నుంచి ఆగకుండా కురుస్తూనే ఉంది. నేను ముందురోజే ఆ ఊరికి వచ్చి ఉన్నాను. గోనెసంచి నెత్తిన వేసుకుని చేనుకు పోయాను.

పటేలు చేను మీదినుంచి ఎర్రటి నీళ్లు లింగయ్య చేనులోకి దిగుతున్నాయి. ఆపేందుకు రాళ్లు లేవు. కట్టకు తగిలి, దాని వెంట కాలువలా పారి, కింది మూలలో మడుగు కట్టాయి. నీళ్లు కట్ట అంచుకు ఇంకా బెత్తెడు దూరంలో ఉన్నాయి.

లింగయ్య పార పట్టుకుని కట్టమీద నిలబడి ఉన్నాడు. సాయమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో ఉంది.

"సారూ, గీడ, గాడ, గా నడిమిట్ల, మూడు తావుల్ల గండి కొడ్త. అవుతల గడ్డి బీడున్నది. నీళ్లు మెల్లగ పోతయి, చేను బతుకుతది. జర హుకుం ఇయ్యి" అన్నాడు లింగయ్య.

ఆయన చూపించిన చోట్లు సరైనవి. నాకు అది తెలుసు. కానీ కట్ట మీద అధికారి పేరుతో పలక పాతి ఉంది. మరుసటి వారం పెద్దవాళ్లెవరో చూడ్డానికి వస్తారన్నారు. కట్టకు గండి పడితే ఎవరు కొట్టమన్నారని అడుగుతారు. నా పేరు చెప్పాల్సి వస్తుంది.

"వద్దు. సర్కారు కట్ట. పార ముట్టియ్యకు" అన్నాను.

"మునుగుతున్నది సారూ!" అని సాయమ్మ అరిచింది.

"ఆగుతది. కట్ట గట్టిది."

లింగయ్య నా మొహం వంక చూశాడు. పార కిందికి దించాడు. హుకుం లేకుండా కొట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆ రోజుల్లో సర్కారు వస్తువు మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు కాబట్టే నన్ను అడిగాడు.

కాసేపటికి మూలలో కట్ట తెగింది. నీళ్లు ఒక్కసారిగా దూకాయి. ఆ మూల నుంచి కోత మొదలై వెనక్కి, పైకి, చేను నడుమ దాకా పాకింది. మొక్కలతో సహా మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంటే మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. వాన వెలిసేసరికి చేనులో మనిషి నిలబడితే తల కనబడనంత లోతు వాగు పడింది. మిగిలిన చోట తెల్లటి మొరం తేలింది.

సాయమ్మ ఏడవలేదు. వంగి, ఒక కంది మొక్కను వేళ్లతో సహా తీసి చూసి, పక్కన పెట్టింది.

రిపోర్టు

అధికారి రెండో రోజు వచ్చాడు. జీపు దిగకుండానే గండి చూశాడు. సూర్యాపేట కచేరిలో నన్ను కూర్చోబెట్టి, ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు.

"కట్ట తప్పు పోయించామని రాస్తే నీ ఉద్యోగం పోతుంది. నేను బదిలీ అవుతాను, అంతే. రైతు పార తీసుకుని కట్టమీదికి వచ్చాడంటున్నారుగా? పారతో పోతుంటే ఊళ్లో అందరూ చూశారట."

"వచ్చాడండీ. కొట్టలేదు."

"వచ్చాడుగా. అది రాయి చాలు. తెగడం తెగింది. మిగతాది చదివినవాళ్లే అర్థం చేసుకుంటారు."

మా నాయన అప్పటికి పోయాడు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు. ఇది సాకు అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుంటాను. "వాన కురుస్తుండగా సాగుదారు లింగయ్య పారతో కట్టమీద ఉండగా, కట్ట తెగినది" అని రాశాను. అందులో అబద్ధమనదగ్గ మాట ఒక్కటీ లేదు. అంత నీచంగా నేను మళ్లీ ఏదీ రాయలేదు.

నెల తిరక్కముందే నన్ను మిర్యాలగూడకు మార్చారు. ఒకరోజు అంగడిలో ఆ ఊరి బండివాడు ఒకడు కనబడ్డాడు. నన్ను గుర్తుపట్టి తనే పలకరించాడు.

"లింగయ్యను క్యాంపుకు తోల్కపోయిన్రు సారూ. సర్కారు కట్ట తెగ్గొట్టిండంట. సంఘపోడే గిసొంటి పని చేస్తడని పటేలు చెప్పిండు. కాయితం గూడ ఉన్నదంట."

"వదిలిపెట్టిన్రా?"

"వారమయింది. కుడి చెయ్యి లేస్తలేదు."

నేను అధికారి పేరు చెప్పలేదు. పటేలు పేరు చెప్పలేదు. ఆ కాగితం ఎవరిదో కూడా చెప్పలేదు. చెరువు కింద వరికి చీడ పట్టిందని రైతులు పిలుస్తున్నారని చెప్పి అక్కడినుంచి వెళ్లిపోయాను.

కోదాడలో

మరుసటి ఏడు నన్ను కోదాడకు వేశారు. నడిగూడెం వైపు వరి నాట్లు ఎలా పడుతున్నాయో చూడ్డానికి పోయినప్పుడు, ఒక మడిలో నాటు వేస్తున్న ఆడవాళ్లలో సాయమ్మను గుర్తుపట్టాను. చేను మొరమయ్యాక ఆ ఊళ్లో పటేలు ఎవరినీ వాళ్లకు పని ఇవ్వనివ్వలేదట. వలస వచ్చి ఇక్కడ కూలికి కుదిరారు. లింగయ్య గట్టుమీద ఎడమ చేత్తో నారుకట్టలు అందిస్తున్నాడు. నన్ను చూసి, అటు తిరిగి కూర్చున్నాడు.

సాయమ్మ బురద చేతులు కడుక్కుని గట్టెక్కింది. అక్కడి భూస్వామి, మంచి మనిషే, నాకు మర్యాద చేస్తూ "ఏమండీ, ఈవిడ మీకు తెలుసాండీ?" అన్నాడు. తెలుసన్నాను. ఆయన అవతలికి పోయాక ఎన్నాళ్లనుంచో నోట్లో ఉన్న మాట బయటపెట్టాను.

"సాయమ్మా, ఆ కాగితం రాసింది నేనే."

"ఎరికే."

"కొట్టిండని రాయలే."

"అదీ ఎరికే. క్యాంపుల సదివి వినిపిచ్చిన్రు ఆయనకు."

"నన్ను తిట్టు, ఏమన్న అను. కోదాడ నుంచి పైకి రాస్త, అసలు సంగతి మొత్తం రాస్త."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"నువ్వు చెడ్డోనివైతే బాగుండు సారూ. పటేలు ఒక్కడు చెప్తే ఊరు నమ్మకపోతుండె. వాడెసొంటోడో అందరికెరికే. నువ్వు రాసినవనే నమ్మిన్రు. 'గా సారు అబద్ధం రాయడు' అన్నరు. మా ఇంటిపక్కోళ్లు గూడ గదే అన్నరు."

తరువాత మడిలోకి దిగి, తన వరుస అందుకుంది.

ఆ వారమే రాశాను. తెల్ల గూళ్లతో మొదలుపెట్టి గండి దాకా, పేర్లతో సహా, ఆరు పుటలు. సంతకం పెట్టి రిజిస్టరు చేయించాను. చాలా రోజులకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఫైసలైన విషయాన్ని తిరగతోడవద్దని, ఇలాంటివి ఇకముందు రాయవద్దని. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. పట్టించుకునేంత పని కూడా అనుకోలేదు. ఏ ఉద్యోగం కోసమైతే ఒక మనిషి చెయ్యి పోగొట్టానో, ఆ ఉద్యోగం నిజం రాసినా పోలేదు. ఆ రోజే కట్టమీద గండి కొట్టమని చెప్పి ఉన్నా పోయేది కాదేమో. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

లింగయ్య, సాయమ్మ ఆ నాట్లయ్యాక ఇంకెటో పోయారు. పాలకీడు వైపు పోయారని కొందరు, కృష్ణ దాటారని కొందరు చెప్పారు. వెతికాను. దొరకలేదు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, అందరిలాగే దండ వేయించుకుని బయటికొచ్చాను.

మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. రైతు చెప్పింది మీ పుస్తకంలో లేకపోతే పుస్తకం పక్కనపెట్టి ఒక వారం చేనులో కూర్చోండి. రోడ్డుమీదికి అందంగా కనబడే పనిని నమ్మకండి. మీ పైవాడు నెమ్మదిగా మాట్లాడిన రోజు ఎక్కువ భయపడండి. అబద్ధం లేకుండా కూడా మనిషిని నాశనం చేయవచ్చని తెలుసుకోండి. ఇవన్నీ తెలిసినా, కట్టమీద వానలో నిలబడినప్పుడు మీరు ఏం చేస్తారో నేను చెప్పలేను. నేను అన్నీ తెలిసే వద్దన్నాను.

మొరం

రిటైరయిన ఏడు ఆ చేను చూడ్డానికి పోయాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. లింగయ్య చేను ఉన్నచోట పెద్ద గుంత. లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఎర్ర రుమాలు కట్టుకున్న ఒక పాతికేళ్ల మేస్త్రీ మొరం ఎత్తే కూలీలను చూసుకుంటున్నాడు.

"ఈ భూమి ఎవరిది?" అని అడిగాను.

"ఎవలిది గాదు సార్. బంజరు. మొరం తప్ప ఏమున్నదని?"

"ఇక్కడ ఆముదం, కంది పండేది."

ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి, వయసుకు మర్యాదిచ్చి, నవ్వు ఆపుకున్నాడు.

"మీరు వేరే ఊరనుకుంటున్నట్టున్నరు సార్. నేను పుట్టింది గీ ఊర్లనే. ఈడ ఎన్నడేం పండలే."